జెనీవాలో మన దేశానికి జరిగే మానవ హక్కుల సమీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగైదేళ్లకోసారి టీవీల్లో "మానవ హక్కులపై భారత్‌కు సిఫార్సులు" అని ఒక స్క్రోలింగ్ వస్తుంది, రెండు రోజులు చర్చ నడుస్తుంది, తర్వాత అందరూ మర్చిపోతారు. ఆ సమీక్ష ఏంటి, ఎవరు చేస్తారు, దాంతో మనకేం ఒరుగుతుంది అని విద్యార్థులు, చిన్న సంస్థల వాళ్లు, కొందరు విలేకరులు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం.

యూపీఆర్ అంటే ఏంటి?

యూనివర్సల్ పీరియాడిక్ రివ్యూ. ఈ పనిలో ఉన్నవాళ్లంతా యూపీఆర్ అనే అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్య దేశాల్లో ప్రతి దేశమూ తన వంతు వచ్చినప్పుడు జెనీవా వెళ్లి, తన దగ్గర మానవ హక్కుల పరిస్థితి ఎలా ఉందో మిగతా దేశాల ముందు చెప్పుకోవాలి. ఆ దేశాలు ప్రశ్నలు వేస్తాయి, ఫలానా పని చేయండి అని సిఫార్సులు ఇస్తాయి. వాటిలో వేటికి ఒప్పుకుంటున్నదీ సమీక్షకు వచ్చిన దేశం రాతపూర్వకంగా చెప్పాలి. మళ్లీ వంతు వచ్చినప్పుడు, పోయినసారి ఒప్పుకున్నవి ఏమయ్యాయో కూడా చూస్తారు. ఏడాదికి 42 దేశాల చొప్పున చూస్తారు గనుక ఒక చుట్టు పూర్తి కావడానికి నాలుగున్నరేళ్ల పైనే పడుతుంది.

ఇది కోర్టు కాదు. తీర్పులుండవు, మార్కులుండవు, ర్యాంకులు అసలే ఉండవు. వాట్సాప్‌లో తిరిగే "ఐరాస మానవ హక్కుల ర్యాంకింగ్" పోస్టులకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇది ఎలా పుట్టింది?

2006 దాకా ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల కమిషన్ అని ఒకటి ఉండేది. అక్కడ కొన్ని దేశాల మీదే ఎప్పుడూ చర్చ జరిగేదనీ, పలుకుబడి ఉన్న దేశాల జోలికి ఎవరూ వెళ్లేవారు కాదనీ పెద్ద విమర్శ. పైగా హక్కుల విషయంలో చెడ్డపేరున్న దేశాలే కమిషన్‌లో చేరి ఒకరినొకరు కాపాడుకునేవి. చివరికి 2006 మార్చి 15న సర్వసభ్య సభ ఆ కమిషన్‌ను తీసేసి, 47 దేశాల మానవ హక్కుల మండలిని పెట్టింది. తీర్మానానికి 170 దేశాలు ఓటేశాయి. వ్యతిరేకించినవి నాలుగే, వాటిలో అమెరికా ఒకటి. అందరినీ ఒకే పద్ధతిలో, వంతులవారీగా సమీక్షించాలన్న యూపీఆర్ ఆలోచన ఆ తీర్మానంలోనే ఉంది. 2007 జూన్‌లో మండలి దానికి నియమాలు రాసుకుంది. 2008 ఏప్రిల్‌లో మొదటి విడత జరిగింది.

భారత్‌కు ఇప్పటికి ఎన్నిసార్లు జరిగింది?

నాలుగుసార్లు. మొట్టమొదటి విడతలోని 16 దేశాల్లోనే మనమూ ఉన్నాం: 2008 ఏప్రిల్ 10. తర్వాత 2012 మే 24, 2017 మే 4, 2022 నవంబర్ 10. వచ్చిన సిఫార్సులు మొదటిసారి 18, రెండోసారి 169, మూడోసారి 250, నాలుగోసారి 339.

ఈ అంకెలు చూసి "పరిస్థితి అంతకంతకూ దిగజారుతోంది, అందుకే సిఫార్సులు పెరుగుతున్నాయి" అనేవాళ్లున్నారు. అంత తేలిగ్గా అనేయలేం. 2008లో పద్ధతి ఎవరికీ అలవాటు కాలేదు, మాట్లాడిన దేశాలూ తక్కువే. 2022లో మన గురించి 130 దేశాలు మాట్లాడాయి. దాదాపు అన్ని దేశాలకూ సిఫార్సులు ఇలాగే పెరిగాయి. అంకె పెరగడంలో మన పరిస్థితి ఎంత, పద్ధతి పాతబడి అందరికీ అలవాటు కావడం ఎంత అన్నది విడదీయకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

ఏ సమాచారం ఆధారంగా సమీక్ష చేస్తారు?

మూడు పత్రాలు. మొదటిది ఆ దేశ ప్రభుత్వం రాసుకునే నివేదిక. మన దగ్గర దాన్ని విదేశాంగ శాఖ మిగతా శాఖలతో మాట్లాడి తయారు చేస్తుంది. రెండోది ఐరాస సంస్థలు, నిపుణుల కమిటీలు ఆ దేశం గురించి అప్పటికే చెప్పిన విషయాల సంకలనం. మూడోది స్వచ్ఛంద సంస్థలు, హక్కుల సంఘాలు, జాతీయ మానవ హక్కుల కమిషన్ పంపిన నివేదికల సారాంశం. చివరి రెండింటినీ జెనీవాలోని మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం తయారు చేస్తుంది.

ప్రభుత్వ నివేదిక ఒక్కటే చదివితే దేశంలో కష్టమన్నదే లేదనిపిస్తుంది: పథకాల పేర్లు, కేటాయింపులు, చట్టాలు. మూడోది ఒక్కటే చదివితే దేశంలో మంచన్నదే జరగలేదనిపిస్తుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒకే అంశం తీసుకుని చదవాలి. ఉదాహరణకు పాకీపని. ప్రభుత్వం 2013 నాటి నిషేధ చట్టం గురించి చెబుతుంది. సఫాయి కర్మచారీ ఆందోళన్ లాంటి సంస్థలు సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల లెక్క చెబుతాయి. ఆ సంస్థను నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవారు. 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది; 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చట్టం అమల్లో ఉంటే పరిహారం పెంచాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్న ప్రశ్న పత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడే తడుతుంది.

సమీక్ష రోజున ఏం జరుగుతుంది?

జెనీవాలో ఐరాస భవనం పాలే దె నాసియోన్‌లో 20వ నంబరు హాలు. పైకప్పు నిండా రంగురంగుల గుహలోలాగా వేలాడే పనితనం. స్పెయిన్ కళాకారుడు మికెల్ బార్సెలో చేసింది. దాని కింద మూడున్నర గంటల సమావేశం. సమీక్షకు వచ్చిన దేశానికి 70 నిమిషాలు. దాన్ని మొదట్లో కొంత, మధ్యలో కొంత, చివర్లో కొంత వాడుకోవచ్చు. మిగతా 140 నిమిషాలు మాట్లాడదలచిన దేశాలన్నీ పంచుకోవాలి.

ఇప్పుడు లెక్క వేయండి. 2022లో మన గురించి 130 దేశాలు మాట్లాడాయి. ఒక్కొక్కరికి నిమిషం పైన ఓ అయిదు సెకన్లు. అందులో "గౌరవనీయ ప్రతినిధి బృందానికి స్వాగతం" అనే మర్యాదలకు పది సెకన్లు, పొగడ్తకు మరో పదిహేను పోతే, మిగిలిన సమయంలో రెండు మూడు సిఫార్సులు గబగబా చదివేయాలి. టైం అయిపోగానే మైక్ ఆగిపోతుంది. వాక్యం సగంలో ఉందా, అసలు విషయం ఇంకా రాలేదా అన్నది ఎవరూ చూడరు. వీడియోలు చూస్తే ఒక్కోసారి ఆ హడావిడికి నవ్వొస్తుంది కూడా.

మన తరఫున 2017లో అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ, 2022లో సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా బృందాలకు నాయకత్వం వహించారు. ప్రభుత్వ లాయర్లనే పంపడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ జరిగేది చాలావరకు వాదనే.

లాటరీ తీసి ఎంచిన మూడు దేశాల బృందం ఒకటి ఈ ప్రక్రియకు సాయం చేస్తుంది. దాన్ని ట్రోయికా అంటారు. ముందే రాతపూర్వకంగా వచ్చిన ప్రశ్నలను అందించడం, నివేదిక తయారీలో తోడ్పడడం దాని పని. 2022లో మనకు ఆ బృందం సూడాన్, నేపాల్, నెదర్లాండ్స్. వీళ్లు జడ్జీలు కారు.

గురివింద గింజ తన నలుపెరగదన్నట్టు, వాళ్ల ఇళ్లు చక్కబెట్టుకోలేని దేశాలు మనకు చెప్పడమేంటి?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. నిజమే, పాకిస్తాన్ కశ్మీర్ గురించి మనకు చెబుతుంది. మనం శ్రీలంకకు 13వ రాజ్యాంగ సవరణ అమలు చేసి తమిళులకు అధికారాలివ్వమని చెబుతాం. జాత్యహంకారం గురించి అమెరికాకు సగం ప్రపంచం చెబుతుంది. ఎవరి రాజకీయం వాళ్లది, స్నేహాలున్న చోట పొగడ్తలు, పేచీలున్న చోట దెప్పిపొడుపులు. దీన్ని దాచుకోనవసరం లేదు.

కానీ ఇందులో మిగతా పద్ధతుల్లో లేని ఒక సౌకర్యం ఉంది. చెప్పేవాడి వంతు కూడా వస్తుంది. పైగా సిఫార్సు ఎవరిచ్చారన్నది పక్కనపెట్టి, సిఫార్సులో ఏముందో చూడొచ్చు. శత్రు దేశం చెప్పినంత మాత్రాన లాకప్‌లో కొట్టడం మంచిదైపోదు.

సిఫార్సులను తిరస్కరించవచ్చా?

అక్కడ "తిరస్కరించాం" అనే మాటే వాడరు. ఒప్పుకుంటే "మద్దతిస్తున్నాం" అంటారు, ఒప్పుకోకపోతే "గమనంలోకి తీసుకున్నాం" అంటారు. రెండోది మర్యాదగా కాదనడమే. మన పేపర్లు కొన్నిసార్లు దీన్ని "పరిశీలిస్తామన్న భారత్" అని రాసేస్తాయి, అది తప్పు అభిప్రాయం ఇస్తుంది.

జవాబు అప్పటికప్పుడే చెప్పనక్కర్లేదు. కొన్ని నెలల తర్వాత మండలి సమావేశంలో తుది నివేదిక ఆమోదించేలోగా చెప్పాలి. 2022 నవంబర్‌లో సమీక్ష జరిగితే మన నివేదిక 2023 మార్చిలో ఆమోదం పొందింది. ఆ రోజు గంటసేపు చర్చ ఉంటుంది. అందులో 20 నిమిషాలు హక్కుల కమిషన్లకూ స్వచ్ఛంద సంస్థలకూ ఇస్తారు. మొత్తం ప్రక్రియలో బయటివాళ్లు నోరు విప్పే అవకాశం ఆ 20 నిమిషాలే.

339లో మనం 221 ఒప్పుకున్నాం. అంటే 65 శాతం. ఫస్ట్ క్లాసే కదా?

కాదు. ఈ లెక్కతో అటు ప్రభుత్వాలూ ఇటు విమర్శకులూ ఇద్దరూ ఆడుకుంటారు. 2012లో 169కి 67, 2017లో 250కి 152, 2022లో 339కి 221 ఒప్పుకున్నాం. శాతం ప్రతిసారీ పెరిగింది. హక్కుల పరిస్థితి కూడా అదే నిష్పత్తిలో మెరుగుపడిందని ఏ ప్రభుత్వ ప్రతినిధీ గుండెల మీద చెయ్యేసుకుని చెప్పలేడు.

చూడాల్సింది క్రియాపదం. సిఫార్సు ఏ క్రియతో ముగుస్తుందో చూడండి. "కొనసాగించండి" అంటే ఇప్పుడు చేస్తున్నదే చేయమని. బాలికల విద్యకు చర్యలు కొనసాగించండి అంటే ఏ దేశం కాదంటుంది? "బలోపేతం చేయండి", "మెరుగుపరచండి" అంటే ఎంత చేస్తే చేసినట్టో కొలవడానికి గీటురాయి లేదు. "పరిశీలించండి" అంటే ఒక ఫైలు తెరిచి మూసినా పరిశీలించినట్టే. "ఒప్పందాన్ని ధ్రువీకరించండి", "రద్దు చేయండి", "చట్టం తెండి" అన్నవి మాత్రమే జరిగాయో లేదో ఎవరైనా తేల్చి చెప్పగలిగేవి. ఒప్పుకున్నవాటి జాబితా తీసుకుని క్రియలవారీగా విడగొడితే, మొదటి రకాలే ఎక్కువ ఉంటాయి. ఇది మన ఒక్కరి కథ కాదు, అన్ని దేశాలదీ ఇదే తంతు. ఉరిశిక్ష రద్దు లాంటి గట్టి సిఫార్సులు మన దగ్గర "గమనంలోకి" ఖాతాలోనే పడుతున్నాయి.

అందుకే 221 అన్న అంకె నాకు పెద్దగా ఏమీ చెప్పదు. ఒక్క సిఫార్సును పట్టుకుని నాలుగు సమీక్షల పొడవునా వెంటపడితే చాలా తెలుస్తుంది.

అలా వెంటపడదగిన ఒక సిఫార్సు చెప్పండి.

చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం. 2008లో మనకిచ్చిన 18 సిఫార్సుల్లో మొట్టమొదటిదే ఇది. బ్రిటన్, ఫ్రాన్స్, మెక్సికో, నైజీరియా, ఇటలీ, స్విట్జర్లాండ్, స్వీడన్ కలిసి అడిగాయి: త్వరగా ధ్రువీకరించండి అని. అప్పటికే మనం సంతకం పెట్టి పదేళ్లు దాటింది. 1997 అక్టోబర్ 14న పెట్టాం. సంతకం పెడితే ఉద్దేశం ఉందన్నట్టు. ధ్రువీకరిస్తేనే కట్టుబడినట్టు.

ఆ తర్వాత కదలిక కనిపించింది. 2010 మేలో లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లును ఆమోదించింది. బిల్లు బలహీనంగా ఉందని రాజ్యసభ సెలక్ట్ కమిటీకి పంపింది. కమిటీ ఆ ఏడాది చివర్లోనే గట్టి మార్పులు సూచించింది. బిల్లు అక్కడే ఉండిపోయింది, 2014లో లోక్‌సభ గడువు ముగియడంతో మురిగిపోయింది. 2012 సమీక్షలో మళ్లీ అదే సిఫార్సు. 2017లో మళ్లీ. ఆసారి రోహత్గీ, చిత్రహింస అన్నది మన సంస్కృతికే పరాయిదనీ, ధ్రువీకరణకు కట్టుబడి ఉన్నామనీ చెప్పారు. అదే ఏడాది లా కమిషన్ తన 273వ నివేదికలో ధ్రువీకరించమనే సలహా ఇచ్చి, ముసాయిదా బిల్లు కూడా జత చేసింది. చట్టం తెమ్మని ఆదేశించాలంటూ వేసిన పిటిషన్‌పై 2019లో సుప్రీంకోర్టు, పార్లమెంటును ఫలానా చట్టం చేయమని మేం ఆదేశించలేమంది. 2022లో ఇంకోసారి సిఫార్సు. ఇంకా ధ్రువీకరించలేదు.

170కి పైగా దేశాలు ఇందులో చేరాయి. నేపాల్ 1991లో, శ్రీలంక 1994లో, బంగ్లాదేశ్ 1998లో, పాకిస్తాన్ 2010లో చేరాయి. చేరినంత మాత్రాన ఆ దేశాల పోలీస్ స్టేషన్లలో దెబ్బలు ఆగిపోలేదన్నది నిజం. కానీ ధ్రువీకరిస్తే నిపుణుల కమిటీ ముందు లెక్క చెప్పుకోవాలి, చిత్రహింసను విడిగా నేరంగా నిర్వచించాలి. మన దగ్గర నేరం ఒప్పించడానికి కొట్టడం పాత ఐపీసీలో 330, 331 సెక్షన్ల కింద నేరమే, కానీ కస్టడీలో జరిగినదానికి సాక్షులు ఎవరుంటారు? కొట్టినవాళ్లూ పోలీసులే, రాసుకునేవాళ్లూ పోలీసులే.

అయితే దీనివల్ల ఒరిగిందేమీ లేదా?

ఉంది. బాల కార్మికుల విషయం చూడండి. కనీస వయసు, అతి హీనమైన బాల కార్మిక రూపాలకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 138, 182 నంబర్ల ఒప్పందాలను ధ్రువీకరించమని మనకు సమీక్షల్లో పదేపదే చెప్పారు. 2017 జూన్ 13న జెనీవాలో అప్పటి కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ ఆ రెండింటి ధ్రువీకరణ పత్రాలు అందజేశారు. అది మూడో యూపీఆర్ అయిన 40 రోజులకు.

యూపీఆర్ వల్లే జరిగిందా? అలా అంటే అతిశయోక్తే. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి, 14 ఏళ్ల లోపు పిల్లలతో పని చేయించడాన్ని నిషేధించాక దారి సులువైంది. దానికి వెనక దశాబ్దాల పని ఉంది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎంవీ ఫౌండేషన్ "బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే" అన్న పట్టుదలతో పల్లెపల్లెనా తిరిగి చేసిన పని అందులో భాగం. జెనీవాలో అడుగుతూ ఉండడం ఆ ఒత్తిడికి ఇంకో వైపు నుంచి తోడైంది. ఇక సవరణ చట్టం కుటుంబ వ్యాపారాల్లో బడి వేళల తర్వాత పిల్లలు సాయపడవచ్చన్న మినహాయింపు పెట్టింది. నంద్యాల ప్రాంతంలో పత్తి విత్తన చేలల్లో ఆడపిల్లల పని చూసినవాళ్లకు ఆ మినహాయింపు ఎంత వెడల్పాటి తలుపో తెలుసు. ధ్రువీకరణ జరిగింది, నిజమే. లెక్క ముగిసిందా అంటే లేదు.

స్వలింగ సంబంధాలను నేరం చేసిన 377 సెక్షన్‌ను 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఆ మేరకు కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లను అనుమానితులుగా చూసే నిజాం కాలపు చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఇవి కోర్టుల్లో గెలిచిన పోరాటాలు, వాటి ఖ్యాతి జెనీవాకు ఇవ్వకూడదు. అయినా తర్వాతి సమీక్షలో ప్రభుత్వ నివేదికల్లో ఇలాంటి తీర్పులు దేశం సాధించిన ప్రగతిగా కనిపిస్తాయి. కోర్టులో ప్రభుత్వం ఏ వైపు నిలబడిందో చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వాలకు దీంతో పనేంటి?

చాలా ఉంది, కానీ వాళ్లకు ఆ సంగతి తెలిసినట్టు కనబడదు. పోలీసు, జైళ్లు, ఆరోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల చేతుల్లో ఉన్నాయి. విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. ఢిల్లీ జెనీవాలో ఒప్పుకున్నదాన్ని అమలు చేయాల్సింది చాలా సందర్భాల్లో అమరావతి, హైదరాబాద్.

చట్టవిరుద్ధ హత్యల గురించి సమీక్షల్లో పదేపదే ప్రస్తావన వస్తుంది. తెలుగువాళ్లకు ఇది కొత్త విషయం కాదు. 1974లో ఏర్పడిన పౌర హక్కుల సంఘం రోజుల నుంచీ కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్లు ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ ఎఫ్ఐఆర్ నమోదు చేయాలనీ, ఆత్మరక్షణ అన్నది పోలీసులు కోర్టులో నిరూపించుకోవాలనీ వాదించారు. 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలు పెట్టింది. అవి ఉండగానే 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది: చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పోలీసులు చెప్పిన కథనం నమ్మశక్యంగా లేదని అందులో ఉంది. జెనీవాలో "జవాబుదారీతనం పెంచండి" అని ఒక్క లైనులో వచ్చే సిఫార్సుకు నేల మీద అర్థం ఇలాంటి కేసుల్లోనే ఉంటుంది. ఆ పూలు చల్లిన జనాన్ని కలుపుకోకుండా ఏ సిఫార్సూ అమలు కాదని కూడా ఒప్పుకోవాలి.

జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏం చేస్తుంది?

1993లో ఏర్పడిన కమిషన్ యూపీఆర్‌కు సొంత నివేదిక పంపుతుంది, ఒప్పుకున్న సిఫార్సుల అమలును గమనించాలి. ఇలాంటి కమిషన్లకు గ్రేడులిచ్చే ప్రపంచ కూటమి ఒకటుంది. మన కమిషన్‌కు 1999లో 'ఎ' (A) గ్రేడు వచ్చింది. కానీ దాన్ని మళ్లీ పొడిగించే నిర్ణయం 2023లో, 2024లో వరసగా వాయిదా పడింది. దర్యాప్తులకు పోలీసు అధికారులనే వాడుకోవడం, సభ్యుల్లో వైవిధ్యం లేకపోవడం లాంటివి కారణాలు. పోలీసుల మీద ఫిర్యాదును పోలీసులే విచారిస్తే ఎలా అన్న పాత ప్రశ్నే.

దీనికీ, ఐరాస నిపుణుల కమిటీలకూ తేడా ఏంటి?

ఆ కమిటీలు ఒక్కో ఒప్పందానికి ఒక్కోటి ఉంటాయి. వాటిలో స్వతంత్ర నిపుణులుంటారు, లోతుగా అడుగుతారు, నిమిషంలో మైక్ కట్ చేయరు. కానీ దేశం ఆ ఒప్పందంలో చేరితేనే వర్తిస్తుంది, ఆలస్యం చేసే దేశాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో మనం 1979లో చేరాం. మన మూడో నివేదిక మీద 1997లో సమీక్ష జరిగితే, నాలుగోది 2024 జూలైలో జరిగింది. మధ్యలో 27 ఏళ్లు! అదే యూపీఆర్‌కు మాత్రం ఒక్కసారీ మానలేదు. సాటి ప్రభుత్వాల ముందు కుర్చీ ఖాళీగా కనిపించడం పరువు తక్కువ మరి.

ఏ దేశమైనా రానంటే?

2013 జనవరిలో ఇజ్రాయెల్ రాలేదు. మండలి వాయిదా వేసి మాట్లాడితే అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చింది. మొదటి మూడు చుట్లలోనూ చివరికి అన్ని దేశాలూ సమీక్షకు కూర్చున్నాయి. 2018లో మండలి నుంచి తప్పుకున్న అమెరికా కూడా 2020లో సమీక్షకు హాజరైంది. అదే అమెరికా 2025 నవంబర్‌లో తన వంతుకు రాలేదు. ఇది మిగతా దేశాలకు దారి చూపుతుందేమోనన్న టెన్షన్ ఈ రంగంలో పనిచేసేవాళ్లలో ఉంది. అందరూ రావడమే ఈ పద్ధతికి ఉన్న ఏకైక బలం.

మావాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. ఆ దేశాల సమీక్షల్లో వాళ్ల సంగతి వస్తుందా?

వస్తుంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లిన కూలీలకూ, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లకూ బాగా తెలిసిన కఫాలా పద్ధతి (కూలీని యజమానికి కట్టిపడేసే ఏర్పాటు), పాస్‌పోర్టులు లాక్కోవడం, జీతాల ఎగవేత గల్ఫ్ దేశాల సమీక్షల్లో ప్రతిసారీ వచ్చే అంశాలే. ఖతర్ 2020లో ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి అక్కర్లేదని చట్టం మార్చింది, 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు చేసింది. వరల్డ్ కప్ ముందు వచ్చిన ఒత్తిడి, అంతర్జాతీయ కార్మిక సంస్థలో నడిచిన ఫిర్యాదు దానికి ప్రధాన కారణాలు. యూపీఆర్ పక్క వాయిద్యం. 1990 నాటి వలస కార్మికుల ఒప్పందంలో గల్ఫ్ దేశాలేవీ చేరలేదు. ఇంతమందిని పంపే మనమూ చేరలేదు, అడిగే నైతిక హక్కు దగ్గర అది అడ్డం వస్తుంది.

నాకు జరిగిన అన్యాయం గురించి యూపీఆర్‌కు రాయొచ్చా?

ఇది వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకునే చోటు కాదు. ఘటన జరిగిన ఏడాదిలోపు జాతీయ లేదా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలి. ఏడాది దాటితే తీసుకోరు. ఐరాసలోనే వ్యక్తుల ఫిర్యాదులు వినే కమిటీలున్నా, అందుకు వీలిచ్చే ఐచ్ఛిక ఒప్పందాల్లో భారత్ చేరలేదు. ఒక్కో హక్కు మీద ఐరాస నియమించే ప్రత్యేక ప్రతినిధులకు రాయవచ్చు. వాళ్లు ప్రభుత్వాన్ని వివరణ అడగగలరు, అంతవరకే.

మా సంస్థ చిన్నది. నివేదిక పంపగలమా?

పంపగలరు, ఐరాస గుర్తింపు అక్కర్లేదు. సొంతంగా పంపితే 2,815 పదాలు, కొన్ని సంస్థలు కలిసి పంపితే 5,630 పదాలు మించకూడదు. సమీక్షకు ఏడెనిమిది నెలల ముందే గడువు అయిపోతుంది. టీవీలో వార్త చూశాక మొదలుపెడితే కుదరదు. తెలుగులో తీసుకోరు, ఇంగ్లిష్‌లో రాయాలి. జోగినీ వ్యవస్థ గురించి మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా పనిచేసినవాళ్ల దగ్గరున్న సమాచారం ఈ ఒక్క కారణంతో ఆగిపోకూడదు. ఇంగ్లిష్ రాయగల సంస్థతో కలిసి పంపండి. 2009 నుంచి మన దేశంలో సంస్థలన్నిటినీ ఒక తాటి మీదకు తెచ్చి ఉమ్మడి నివేదికలు పంపుతున్న వేదిక ఒకటి ఉంది, మిలూన్ కొఠారీ దానికి సమన్వయకర్తగా పనిచేశారు.

రాసేటప్పుడు ఆవేశం తగ్గించి, 1988 నాటి దేవదాసీ నిషేధ చట్టం కింద మీ జిల్లాలో ఎన్ని కేసులు పెట్టారో ఆర్టీఐలో అడిగి ఆ జవాబు పెట్టండి. మీరేం కోరుతున్నారో, ఏ దేశమైనా యథాతథంగా చదివేయగలిగే ఒక్క వాక్యంలో రాయండి. గుర్తుందిగా, ఆ ప్రతినిధికి ఉండేది నిమిషం. బాధితుల పేర్లు రాసే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి, మీ నివేదిక అందరికీ కనిపిస్తుంది.

ఒక దేశం ముందుకెళ్లిందా లేదా నేనే తేల్చుకోవాలంటే?

మీకు పట్టున్న ఒక్క అంశం ఎంచుకోండి. గత సమీక్షలో ఆ అంశం మీద ఒప్పుకున్న సిఫార్సులు ఐరాస సైట్‌లోని నివేదికలో నుంచి ఏరండి. ఒక్కోదానికి ఎదురుగా నాలుగు విషయాలు రాసుకోండి: చట్టం మారిందా, డబ్బు కేటాయించారా, ఖర్చు పెట్టారా, బాధితుడి దాకా వచ్చిందా. ఎక్కువసార్లు మొదటి గడి నిండుతుంది, నాలుగోది ఖాళీగా ఉంటుంది. "గమనంలోకి తీసుకున్న" సిఫార్సులనూ వదలకండి. కాదన్న పనిని తర్వాత చడీచప్పుడు లేకుండా చేసిన సందర్భాలుంటాయి.

సమీక్షను మనం చూడొచ్చా?

ఐరాస వెబ్ టీవీలో ప్రత్యక్షంగా వస్తుంది, పాతవీ ఉంటాయి. మూడున్నర గంటలూ కూర్చోవడం కష్టం. మన ప్రతినిధి మాట్లాడే మూడు భాగాలు చూసి, మధ్యలో వచ్చిన ఏ ప్రశ్నలకు జవాబు రాలేదో రాసుకుంటే సరిపోతుంది.